చందమామ ఫోనులోకి వచ్చింది - అటక మీది ట్రంకు పెట్టె మాటేమిటి?

(మా గ్రామీణ విలేకరి)

తెనాలి: పట్టణానికి నాలుగు మైళ్ల దూరంలోని ఒక పల్లెలో, పెంకుటింటి అటక మీద నుంచి గత నెలలో రెండు ట్రంకు పెట్టెలు కిందికి దిగాయి. ఆ ఇంటాయన పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు. హైదరాబాదులో కొడుకు దగ్గరికి మకాం మారుస్తున్నారు. పెట్టెల్లో ఉన్నవి నగలూ కావు, దస్తావేజులూ కావు. 1962 నుంచి ఏటికేడు బైండు చేయించి దాచుకున్న చందమామలు. వాటి అడుగున రెండు డజన్ల అమర్ చిత్ర కథ బొమ్మల పుస్తకాలు.

పాత కాగితాలు కొనే మనిషి కాటా పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కిలో పద్నాలుగు రూపాయలన్నాడు. అట్టలు గట్టిగా ఉన్నాయి గనుక వాటి బరువు తీసేయాలన్నాడు. అవతల ఫోనులో కొడుకు, "నాన్నా, అవన్నీ ఫోనులోనే దొరుకుతున్నాయి. ఇక్కడ మంచం వేయటానికే చోటు లేదు" అంటున్నాడు. మాస్టారు ఔననలేదు, కాదనలేదు. ఆ పూటకు బేరం వాయిదా పడింది.

ఆ అరుగు మీదనే ఉన్న ఈ విలేకరికి మాత్రం ఒక సందేహం పట్టుకున్నది. అన్నీ ఫోనులో ఉన్నాయన్న మాట నిజమేనా? ఉంటే ఎవరు పెట్టారు? రేపు కూడా ఉంటాయా?

చందమామకూ తెనాలికీ ఉన్న చుట్టరికం ఈ ప్రాంతం వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి కలిసి తెలుగులోను తమిళంలోను ఆ పత్రిక ప్రారంభించారు. చక్రపాణిది తెనాలి. 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా దానిని నడిపించిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. కచ్చితంగా చెప్పాలంటే అది బొమ్మల్లోనే కథ నడిచే పుస్తకం కాదు. కథ పక్కన బొమ్మ. అయినా అక్షరాలు రాని పిల్లలు సైతం, శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకు నడిచే విక్రమార్కుడి బొమ్మ చూసి కథంతా చెప్పేవారు. ఆ బొమ్మ గీసిన శంకర్ 2020లో కన్నుమూశారు.

ఈ విలేకరి చిన్నతనంలో మాస్టారింటికి వెళితే ముందు చేతులు కడుక్కోవాలి. తరువాత ఒక్క బైండు ఇచ్చేవారు. ఇంటికి తీసుకుపోవటానికి వీల్లేదు, అరుగు మీదనే చదవాలి. 1998లో పత్రిక ఆగిపోయి ఏడాదికి పైగా రాలేదు. ప్రతి నెలా బస్టాండు దుకాణానికి పోయి అడగటం, "రాలేదబ్బాయ్" అనిపించుకుని తిరిగి రావటం ఇప్పటికీ జ్ఞాపకమే. ఊరు మొత్తానికి అటువంటి పెట్టె ఒక్కటే. అది ఎవరింట్లో ఉన్నదో వారి దయ మీద ఆధారపడిన చదువు మాది.

ఇప్పటి పిల్లలకు ఆ బాధ లేదు. మా ఊళ్లోనే ఇంజనీరింగు చదువుతున్న ఒక కుర్రవాడు ప్రతి ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు ఫోను పట్టుకుని డాబా ఎక్కుతాడు. అన్నం తినమని తల్లి పిలిచినా దిగడు. విచారించగా తెలిసినదేమంటే, జపానులో సోమవారం అర్ధరాత్రి గడియ మొదలయ్యేది మనకు ఆదివారం ఎనిమిదిన్నరకు. సరిగ్గా ఆ వేళకు అక్కడి షుయేషా సంస్థ "మాంగా ప్లస్" అనే ఆప్‌లో కొత్త బొమ్మల కథలు ఇంగ్లీషులో విడుదల చేస్తుంది. 2019 జనవరి నుంచి ఈ ఏర్పాటు ఉన్నది. 1997 నుంచి నడుస్తున్న "వన్ పీస్" కథలో మొదటి మూడు భాగాలు, తాజా మూడు భాగాలు ఉచితం. టోక్యో కుర్రవాడూ మన పల్లె కుర్రవాడూ ఒకే గడియలో ఒకే పేజీ తిప్పుతున్నారు. మద్రాసు నుంచి చందమామ మా ఊరు చేరటానికి పట్టిన రోజులు తలచుకుంటే ఇది చిన్న సంగతి కాదు.

మరి పుస్తకాలు దాచుకోవటం పోయిందా అని అడిగితే, ఆ కుర్రవాడు బీరువాలో నుంచి ఒక కవరు తీసి చూపించాడు. విజయవాడలో కొన్న వన్ పీస్ మొదటి సంపుటం. "ఫోనులో చదివేశానన్నా. ఇది విప్పితే నలిగిపోతుంది" అన్నాడు. చదవటానికి ఫోను, దాచటానికి కాగితం! మా కాలంలో రెండూ ఒకటే పుస్తకం. అది నలిగేది, దాని మీద నూనె మరకలు పడేవి.

ఈ తిరకాసు మా ఊరి ఒక్కదానిదే కాదు. జపానులో 2019లో బొమ్మల కథల అమ్మకాలలో ఫోను, కంప్యూటరు వాటా కాగితం వాటాను మించిపోయింది. 2023 నాటికి అది దాదాపు 70 శాతం. అమెరికాలో 2011 సెప్టెంబరు నుంచి డీసీ సంస్థ కొత్త సంచికలను దుకాణంలోను, తెర మీద చదివే రూపంలోను ఒకే రోజున విడుదల చేయసాగింది. మరో పక్క అదే దేశంలో, 1938లో పది సెంట్లకు అమ్మిన "యాక్షన్ కామిక్స్" మొదటి సంచిక ప్రతి ఒకటి 2024 ఏప్రిల్‌లో అరవై లక్షల డాలర్లకు వేలంలో పోయింది. అటువంటి ప్రతులను గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, నాణ్యతకు అంకెలు వేసి అమ్ముతారు. పెట్టె పగలగొడితే ఆ అంకెకు విలువ లేదు. పుస్తకం కొని చదవకుండా ఉండటానికి అంత డబ్బు పోయటం మన బుద్ధికి అందని విషయం గాని, అక్కడ అదొక వ్యాపారం.

అయితే ఫోనులో కొన్న పుస్తకాన్ని వేలం వేయటానికి వీలు లేదు. అరువివ్వటానికీ లేదు. "కొనండి" అని మీట ఉంటుంది గాని, సామాన్యంగా మనం కొనేది పుస్తకం కాదు, చదువుకునే అనుమతి. అమెజాన్ 2014లో కామిక్సాలజీ అనే పెద్ద బొమ్మల పుస్తకాల అంగడిని కొన్నది. 2022లో దానిని తన కిండిల్‌లో కలిపివేసింది. ఏళ్ల తరబడి అమర్చుకున్న అరలు తారుమారై చదువరులు గగ్గోలు పెట్టారు. 2025 ఫిబ్రవరిలో, కొన్న కిండిల్ పుస్తకాలను కంప్యూటరులోకి దించుకుని దాచుకునే సౌకర్యం కూడా తీసివేసింది. ఇంతకంటె అన్యాయం జేమాంగా అనే జపాను అంగడిది. 2013 మే నెలాఖరున అది మూతపడినప్పుడు, డబ్బు పెట్టి కొన్నవారి పుస్తకాలు కూడా దానితోనే పోయాయి. దుకాణం మూసిన కోమటి, అమ్మిన బియ్యం కోసం మన ఇంటికి వచ్చి డబ్బా ఎత్తుకుపోయినట్లన్న మాట.

చందమామకూ దగ్గర దగ్గరగా అదే జరిగింది. ముంబయికి చెందిన జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 2007లో ఆ పత్రికను తీసుకుని, పాత సంచికలు వెబ్‌సైటులో ఉచితంగా పెట్టింది. అమెరికాలో ఉన్న తెలుగువారు సైతం కళ్లకద్దుకుని చదివారు. ఆ తరువాత కంపెనీ చిక్కుల్లో పడింది. 2013 నాటికి అచ్చు నిలిచిపోయింది. 2016లో వెబ్‌సైటూ మాయమైంది. అధికారికంగా విడుదలైన చందమామ అలా గాలిలో కలిసిపోగా, ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి చోట్ల దొరుకుతున్నవి చదువరులు దాచి, స్కాను చేసి పెట్టినవి. అంటే మాస్టారి కొడుకు ఫోనులో చూస్తున్నది ఇంకెవరి ట్రంకు పెట్టెలోనిదో! ఆ పుణ్యాత్ములు తమ కాగితాన్ని కిలోల లెక్కన అమ్ముకుని ఉంటే ఫోనులో చూడటానికి ఏమీ ఉండేది కాదు.

ఇందులో చట్టం మాట ఒకటి ఉన్నది. మన దేశంలో రచయిత మరణించిన తరువాత 60 ఏళ్లు హక్కు నిలిచి ఉంటుంది. కనుక ఆ స్కాను ప్రతులలో చాలావాటిని చట్టసమ్మతమనలేము. ఆ సంగతి తెలిసీ ఈ విలేకరి వాటిని చదివాడు. ఎవరికి డబ్బు కట్టి చదవాలో చెప్పే దుకాణం కనబడకపోవటం వల్ల అనుకోవాలి.

మొన్న ఆదివారం ఆ ఇంజనీరింగు కుర్రవాణ్ణి మాస్టారింటికి తీసుకువెళ్లటం జరిగింది. బైండ్లు, ఫోను పక్క పక్కన పెట్టుకుని సరిచూడటం మొదలైంది. ఫోనులోని ఒక సంచికలో నడుమ రెండు పుటలు లేవు. స్కాను చేసినవారి పుస్తకంలోనే ఊడిపోయి ఉంటాయి. మాస్టారి దానిలో పిన్నుతో సహా భద్రంగా ఉన్నాయి. కుర్రవాడు వెంటనే వాటిని ఫొటో తీశాడు.

ఆ తరువాత జరిగినది ఎవరూ ఊహించనిది. దాసరి సుబ్రహ్మణ్యం గారి "శిథిలాలయం" సీరియల్ బైండులో ఒక నెల సంచిక లేదు. ఎప్పుడో ఒక శిష్యుడు తీసుకుపోయి తిరిగివ్వలేదట. ఆ భాగంలో ఏమి జరిగిందో తెలియకుండానే మాస్టారు యాభై ఏళ్లు గడిపారు. కుర్రవాడు రెండు నిమిషాల్లో ఆ సంచిక పట్టుకుని, "ఇదుగో తాతగారూ" అని ఫోను చేతికిచ్చాడు. పుట మొత్తం ఒక్కసారి కనిపించదు. రెండు వేళ్లతో పెద్దది చేసి, బొమ్మను ముక్క ముక్కగా జరుపుకుంటూ చూడాలి. కళ్లద్దాలు సవరించుకుని మాస్టారు మొదటి నుంచి చివరి దాకా చదివారు. మధ్యలో ఫోను రెండు సార్లు మోగినా ఆయన విసుక్కోలేదు. చదవటం అయ్యాక, "దీన్ని కాగితం మీదికి దించటానికి ఎంతవుతుందిరా?" అని అడిగారు.

ఈ పెట్టెలు తీసుకోమని దగ్గరలోని ఒక గ్రంథాలయాన్ని అడిగి చూశాము. బీరువా లేదన్నారు. చివరికి మాస్టారు ఒక నిర్ణయానికి వచ్చారు. అమర్ చిత్ర కథలు ఊరి బడి పిల్లలకు ఇచ్చేశారు. నలిగితే నలగనీ అన్నారు. 1980 దాకా ఉన్న బైండ్లు సామాను లారీలో హైదరాబాదు వెళతాయి. కొడుక్కి ఇంకా చెప్పలేదు. మిగిలిన పెట్టె కుర్రవాడి ఇంట్లో ఉంటుంది. సెలవుల్లో ఫోనుకు దొరకని సంచికలు ఏవో జాబితా వేసి, ఊడిన పుటలన్నీ ఫొటోలు తీస్తానన్నాడు.

పాత కాగితాల మనిషి నిన్న మళ్లీ వచ్చాడు. మాస్టారు అతనికి మూడేళ్ల దినపత్రికలు తూచి ఇచ్చారు. వాటిలో ఈ విలేకరి రాసిన వార్తలు కూడా ఉన్నాయి.