సీసాకు ముసుగు, నాలుకకు పరీక్ష

ఖరీదైన ఎర్ర వైనును రుచి చూచి మెచ్చుకొనేవారిలో ఎందరు నిజంగా ఆ వైనును మెచ్చుకొంటున్నారు, ఎందరు దాని పేరునూ ధరనూ మెచ్చుకొంటున్నారు? ఇది తెలుసుకొనేందుకు పాశ్చాత్య దేశాలలో మిత్రబృందాలు ఇంట్లోనే ఒక పరీక్ష జరుపుకొంటాయి. సీసాలకు కాగితపు సంచులు తొడిగి, వాటిపై అంకెలు వేసి, ఏది ఏదో తెలియకుండానే రుచి చూచి మార్కులు వేస్తారు. వినడానికి పిల్లల ఆటవలె తోచినా, ఒకప్పుడు ఈ పద్ధతే ఫ్రాన్సు దేశపు ప్రతిష్ఠను కదిలించింది.

ద్రాక్షతోట మన పాఠకులలో కొందరికి పరిచితమే. ఇళ్ళలో తెలుగు వినిపించే చిక్కబళ్ళాపురం, దొడ్డబళ్ళాపురం ప్రాంతాలలో బెంగళూరు బ్లూ పందిళ్ళు చూడనివారు అరుదు. అయితే ఫ్రాన్సులోని బోర్డో సీమ వైనుకు కాబెర్నే సావిన్యాన్, మెర్లో అనే వేరు రకాలు ఆధారం. రసాన్ని తొక్కలతో సహా పులియబెట్టడం వలన ఎర్ర వైనుకు రంగు, వగరు సంక్రమిస్తాయి. లేత జామకాయ కొరికినప్పుడు, వక్క నమిలినప్పుడు నోటిలో కలిగే బిగువే ఆ వగరు. మన ఇళ్ళలో అనేకులకు వైను వాడుక లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. కాఫీపొడినో నేతినో పరీక్షించ దలచినవారికి కూడ ఇవే నియమాలు సరిపోతాయి.

1976 మే 24న పారిస్ నగరంలో స్టీవెన్ స్పరియర్ అనే ఆంగ్లేయ వైను వర్తకుడు ఇటువంటి పరీక్ష ఏర్పాటు చేశాడు. తొమ్మిదిమంది ఫ్రెంచి నిపుణుల ఎదుట పది ఎర్ర వైనులు ఉంచారు. వాటిలో నాలుగు బోర్డోలోని సుప్రసిద్ధమైనవి, ఆరు అమెరికాలోని కాలిఫోర్నియావి. ప్రథమ స్థానం స్టాగ్స్ లీప్ వైన్ సెల్లర్స్ వారి 1973 నాటి వైనుకు దక్కింది. అది మూడేళ్ళ లేత తోట పంట! మూతోన్ రోత్‌షీల్డ్ వంటి మహా నామం స్వల్పమైన తేడాతో రెండవ స్థానంలో నిలిచింది. ఆనాడు అక్కడ ఉన్న పత్రికా విలేకరి టైమ్ పత్రికకు చెందిన జార్జ్ టేబర్ ఒక్కడే. అతడు వ్రాసి ఉండకపోతే ఈ వార్త ఆ గదిలోనే అణగిపోయేది. ఫ్రెంచి వైను వయస్సుతో పరిణతి పొందుతుందని, కాలిఫోర్నియా వైను నిలువదని కొందరు వాదించారు. 2006లో ఆ ఎర్ర వైనులనే మరల పరీక్షించగా మొదటి ఐదు స్థానాలూ కాలిఫోర్నియావే అయ్యాయి.

కన్ను నాలుకను ఎంతగా శాసిస్తుందో 2001లో ప్రకటితమైన బోర్డో పరిశోధన చూపింది. తెల్ల వైనులో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వైను విద్య నేర్చుకొంటున్న 54 మంది దానిని ఎర్ర వైనుకు వాడే మాటలతోనే వర్ణించారు. 2008లో అమెరికాలో జరిగిన పరిశోధనలో ఒకే వైనును రెండు ధరలు చెప్పి ఇచ్చారు. అధిక ధర చెప్పినప్పుడు అది మరింత బాగున్నదన్నారు. ధర చెప్పనప్పుడు ఆ భేదం కానరాలేదు. వీరు అబద్ధమాడలేదు. సుఖాన్ని గ్రహించే మెదడు భాగం కూడ ఎక్కువ ధర విన్నప్పుడే అధికంగా స్పందించింది.

కనుక పేరు చొరబడే ప్రతి ద్వారాన్నీ మూయడమే గృహస్థుని పని. సీసాకు సంచి తొడిగేవారొకరు, వాటిని తారుమారు చేసి అంకెలు వేసేవారు వేరొకరు కావాలి. అప్పుడు ఆతిథ్యమిచ్చేవారికి సైతం గుట్టు తెలియదు. మెడపై రేకును పూర్తిగా తీసివేయాలి, బిరడాపై పేరు ముద్రించి ఉంటుంది గనుక దానినీ దాచాలి. బోర్డో సీసాకు భుజాలు నిటారు, బర్గండీ సీసాకు వాలు. రెండు రకాలూ కలిసినచో వైనును ఒకే విధమైన కూజాలలోనికి వంపడం మేలు. ఒకే ద్రాక్షరకం, దగ్గరి సంవత్సరాలు ఎంచుకోకపోతే పోలికకు అర్థమే ఉండదు.

750 మిల్లీలీటర్ల సీసా తలకు 50 చొప్పున పదిహేను మందికి వస్తుంది. ఖరీదైన సీసాలను మిత్రులు చందా వేసుకొని కొనడంలోని సౌలభ్యమిదే. అయితే ఆరు వైనులూ మింగినవారి కడుపులోనికి 300 మిల్లీలీటర్లు చేరుతుంది. ఆరవ గ్లాసు నాటికి నాలుకా నిలువదు, తీర్పూ నిలువదు. అందుకే నిపుణులు పుక్కిలించి ఉమ్మివేస్తారు, మధ్యలో మంచినీరు, చప్పని రొట్టె తీసుకొంటారు. ఎర్ర వైనును గది వేడిమిలో ఇవ్వాలనే మాట ఐరోపా గదులకు చెల్లుతుంది. 16 నుండి 18 డిగ్రీలు తగినది. మన వేసవి గదిలో మద్యపు ఘాటు తప్ప మరేమీ తెలియదు. అరగంట ఫ్రిజ్‌లో ఉంచవలసిందే.

వరుసలో ఒక చవక వైనును చేర్చాలి. ఒకే వైనును రెండు అంకెలతో పెట్టడం అంతకన్న మంచి ఉపాయం. కాలిఫోర్నియా పోటీలలో రాబర్ట్ హాడ్జ్‌సన్ ఒకే సీసాలోని వైనును మూడుసార్లు ఇప్పించగా, స్థిరంగా మార్కులు వేసిన న్యాయనిర్ణేతలు పదింట ఒకరే. ఈ ఫలితం 2008లో వెలువడింది.

మార్కులు వ్రాసేవరకు ఎవరూ మాట్లాడరాదు. ఇంటి పెద్ద ఒక్కరు "ఆహా" అంటే చాలు, మిగిలిన కలాలన్నీ అటే మొగ్గుతాయి. కాగితాలన్నీ చేతికి వచ్చిన పిదపనే సంచులు విప్పాలి. పారిస్‌లో ఫలితం విన్న ఒక న్యాయనిర్ణేత తమ మార్కుల కాగితం తిరిగి ఇమ్మని కోరారని, తాను ఇవ్వలేదని స్పరియర్ తరువాతి కాలంలో చెప్పాడు.