చార్టు కింది అంచున ఒక ఊరు

పదో తరగతిలో నా వంతుకు వచ్చిన సాంఘిక శాస్త్ర ప్రాజెక్టు ‘అంటరానితనం నిర్మూలన’. కోటబొమ్మాళిలో చార్టు కొని, రాజ్యాంగం 17వ అధికరణాన్ని ఎర్రసిరాతో రాశాను. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభ ఆమోదించిన ఆ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది గాని, అది ఏమిటో నిర్వచించలేదు. నిర్వచనం కోసం మా పేటలో ఒక ముసలమ్మను అడిగాను. గుడి, బావి అంటుందనుకున్నాను. ‘మనకి బూవి నేదు నాయినా’ అంది.

ఆ మాటతో లక్ష్మీపేట గుర్తొచ్చింది. అప్పటికి ఏడాదే గడిచింది. 2012 జూన్ 12న వంగర మండలంలోని ఆ ఊళ్లో ఐదుగురు దళితులను ఆధిపత్య కులస్థులు చంపారు. మడ్డువలస జలాశయానికి సేకరించగా మునగకుండా మిగిలిన భూమిని సాగు చేసుకోవడమే వారి నేరం. చార్టు కింది అంచున ఆ పేరు రాశాను. ప్రదర్శనకు ముందు ఒక ఉపాధ్యాయుడు ‘పాఠంలో లేనిది ఎందుకు?’ అని దానిపై తెల్లకాగితం అతికించారు. బహుమతి వచ్చింది, అది వేరే సంగతి.

ఆయనపై నాకు కోపం లేదు. పాఠమే అలా ఉంది. దళితుల భూమిని ఆక్రమించడాన్నీ 1989 చట్టం అత్యాచారంగా లెక్కించింది. పాఠం మాత్రం చట్టం పేరు, సంవత్సరం చెప్పి ఊరుకుంటుంది.

ఈ ఏడు ఇదే ప్రాజెక్టు చేసే విద్యార్థులు తమ ఊరి అడంగల్‌లో పట్టాదారుల పేర్లు చూడాలి. కులం అందులో రాసి ఉండదు. ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.