కొలతలో ‘లాభము’

తెలుగు పల్లెలలో ధాన్యమును కుంచముతో కొలుచువారు మొదటి కుంచమును ‘ఒకటి’ యనక ‘లాభము’ అని పలుకు వాడుక కలదు. ఆరు దాటిన పిదప ‘ఏడు’ అనరు, ‘ఆరునొకటి’ యందురు. ఏడు అను మాట ఏడుపును స్ఫురింపజేయుటయే కారణము. దీనిని వట్టి మూఢనమ్మకమని త్రోసివేయరాదు. కొలత బిగ్గరగా సాగును. కొనువాడును, చుట్టునున్నవారును లెక్కను వినుచుందురు. కావున ఆ పలుకు లెక్కయు, శుభవచనమును, సాక్ష్యమును అగుచున్నది. వర్తకుని ప్రకటన యనినను తప్పులేదు. చివర పిడికెడు కొసరు వేయుట వేరొక ముచ్చట.

1956 నాటి తూనికలు, కొలతల చట్టముతో మెట్రిక్ పద్ధతి వచ్చి సోల, తవ్వ, మానికలు క్రమముగా వెనుకబడినవి. కాటాపై తూచునపుడు కుంచములను పైకి లెక్కించు పనిలేదు. పాత కుంచము ఏ యటుకమీదనో దొరకవచ్చును గాని, ‘ఒకటి’ యను అర్థమున ‘లాభము’ కళ్ళములలో కొలిచిన వృద్ధుల నోటనే వినవలెను. పరిశోధక విద్యార్థులు ముందుగా సేకరింపవలసినది అదియే.