బాస్కర్విల్ అక్షరములు

అచ్చుపుస్తకము చదువువారు భావమును గ్రహింతురే గాని, ఆ భావమును మోయు అక్షరముల రూపమును గమనించుట అరుదు. అక్షరరూపమునకును ఒక చరిత్ర కలదు. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులో పుట్టి నేటికిని నిలిచియున్న బాస్కర్విల్ అక్షరములే అందుకు నిదర్శనము.

జాన్ బాస్కర్విల్ 1706లో జన్మించెను. బర్మింగ్‌హాములో చేవ్రాత నేర్పుచు, సమాధిఫలకములపై అక్షరములు చెక్కుచు జీవించెను. పిమ్మట మెరుగుపూత వేసిన వస్తువుల వ్యాపారమున ధనము గడించి, 1750 ప్రాంతమున అచ్చుపనికి పూనుకొనెను. ఆయన కల్పించిన రూపములను ఉక్కు పంచులపై చెక్కిన పనివాడు జాన్ హ్యాండీ. కాతిబు కలము నేర్పును ఎరిగిన మన ఉర్దూ విద్యార్థులకు ఈ అక్షరముల సొగసు వెంటనే బోధపడును. వీనికి మూలము చేవ్రాతయే.

రోమను అక్షరముల కొనలయందు కానవచ్చు చిన్న పాదముల వంటి గీతలను సెరిఫులందురు. బాస్కర్విల్ వీనిని వాడిగా తీర్చెను. లావు గీతలకును సన్న గీతలకును గల భేదమును పెంచెను. చిన్న 'జి' అక్షరపు క్రింది వలయము పూర్తిగా మూసికొనదు. పెద్ద 'క్యూ' తోక కలము విసురును తలపించును. ఇట్టి సున్నితపు గీతలు గరుకు కాగితముపై చక్కగా పడవు. కావున ఆయన నునుపైన కాగితమును, చిక్కని నల్లసిరాను సమకూర్చుకొని, అచ్చైన పుటలను వేడి రాగిరేకుల నడుమ నొక్కించెను. 1757లో వర్జిల్ కావ్యములు, 1763లో కేంబ్రిడ్జిలో బైబిలు ఇట్లు వెలువడినవి.

అయినను స్వదేశమున ఆదరణ కొరవడెను. ఈ సన్నని గీతలు చదువరుల కన్నులను చెరచునని కొందరు నిందించిరి. అట్టి విమర్శకుని ఒకని బెంజమిన్ ఫ్రాంక్లిన్ పరీక్షించెను. ప్రసిద్ధుడైన కాస్లన్ అక్షరముల నమూనాపత్రము తెచ్చి, పై భాగమున ఉన్న పేరును చింపివైచి, బాస్కర్విల్‌వని చూపెను. ఆ పెద్దమనిషి తాను నిత్యము సుఖముగా చదువు అక్షరములలోనే దోషములన్నియు ఎత్తిచూపెను! ఫ్రాంక్లిన్ ఈ ముచ్చటను బాస్కర్విల్‌కు లేఖలో తెలిపెను.

బాస్కర్విల్ 1775లో మరణించెను. ఆయన పంచులను ఫ్రెంచి రచయిత బోమార్షే కొని, రైను నదీతీరపు కేల్ పట్టణమున వోల్టేరు గ్రంథములను ముద్రింపించెను. 1923లో మోనోటైపు సంస్థ ఈ అక్షరములను పునరుద్ధరించెను. 1953లో మూల పంచులు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయమునకు కానుకగా చేరినవి. నేడు ఈ అక్షరములు కంప్యూటరులలోను కలవు. దీర్ఘముగా చదువవలసిన గ్రంథములకు ఇవి మిక్కిలి అనువైనవి. మరీ చిన్న పరిమాణమున, నాసిరకపు కాగితముపై మాత్రము సన్న గీతలు చెదరును.

విద్యార్థి మిత్రులారా! ఆ విమర్శకుని కన్నులు చూచినది అక్షరమును కాదు, పేరును. గ్రంథమునైనను, భాషనైనను, మనిషినైనను పేరును బట్టి తూచక, స్వయముగా చదివి తీర్పు చెప్పుటయే విద్యకు ఫలము.