పద్దెనిమిదికీ ముప్పైకీ నడుమ

ప్రభుత్వం పిల్లలకు చేయించే ఆరోగ్య పరీక్షల పథకం 18 ఏళ్లతో ఆగిపోతుంది. షుగరు, బీపీ, కొన్ని రకాల క్యాన్సర్ల కోసం ఊరి ఆరోగ్య కేంద్రంలో జరిపే పరీక్షలు 30 దాటాకే మొదలవుతాయి. డిగ్రీ, పీజీ చదువులు సాగేది ఈ నడిమి కాలంలోనే. వేళకు తినడం, నిద్ర, పొగాకు, రోజంతా కూర్చోవడం వంటి అలవాట్లు స్థిరపడేదీ అప్పుడే. అందుకే ఈ జబ్బుల నివారణ పాఠానికి కాలేజీని మించిన చోటు లేదు.

కర్ణాటకలోని రాయచూరు జిల్లా సింధనూరు తాలూకా తుర్విహాళ ప్రాంతంలో ఈ పాఠం అవసరం స్పష్టంగా కనిపిస్తుంది. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు పారాక ఈ మెట్టనేలలు వరి మాగాణులయ్యాయి. ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చిన రైతులు ‘క్యాంపులు’ అనే కొత్త ఊళ్లు కట్టుకుని స్థిరపడ్డారు. జొన్నరొట్టె తిన్న సీమలో తెల్లన్నం వాడకం పెరిగింది. దమ్ముకు ట్రాక్టరు, కోతకు మిషను వచ్చాయి. తాతలు ఒంటి శ్రమతో అరిగించుకున్నంత అన్నం, బస్సులో కాలేజీకి వెళ్లి కూర్చుని వచ్చే మనవడికి అక్కర్లేదు. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెల్లడించిన సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు.

విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2022 నాటి డిగ్రీ పాఠ్య ప్రణాళికలో ఆరోగ్యం, యోగా, క్రీడలకు చోటిచ్చింది. అయితే జబ్బుల జాబితా బట్టీ పట్టించి మార్కులు వేస్తే అలవాట్లు మారవు. విద్యార్థి తన ఒంటిని తానే కొలుచుకోవాలి. అందుకు చెన్నైలో డాక్టర్ వి. మోహన్ బృందం 2005లో ప్రకటించిన మధుమేహ ముప్పు స్కోరు చక్కగా పనికొస్తుంది. రక్తం తీయనక్కర్లేదు, టేపు ఉంటే చాలు. వయసు, నడుము కొలత, శ్రమ, తల్లిదండ్రుల షుగరు అనే నాలుగింటికి కలిపి మొత్తం 100 పాయింట్లు. 60, ఆపైన వస్తే ముప్పు ఎక్కువ.

ఇరవై ఏళ్ల కుర్రాడిని తీసుకుంటే, వయసుకు సున్నా. తండ్రికి షుగరుంటే 10, నడుము 95 సెంటీమీటర్లుంటే 10, శ్రమా వ్యాయామమూ లేకుంటే 30. మొత్తం 50. ఏ అలవాటూ మార్చుకోకపోతే 35వ ఏట వయసు ఒక్కటే మరో 20 కలిపి 70కి చేరుస్తుంది. వయసునూ వంశాన్నీ మార్చలేం. నడుము, శ్రమ మాత్రం చేతిలో ఉన్నవే. ఈ లెక్క సొంతంగా వేసుకున్న విద్యార్థికి వారానికి 150 నిమిషాల వ్యాయామం ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఈ చదువును ఊళ్లోకి తీసుకెళ్లడానికి 1969లో మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) ఉంది. వాలంటీరు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. దత్తత ఊళ్లో ఏడు రోజుల శిబిరం ఉంటుంది. తుర్విహాళ వైపు క్యాంపుల్లో శిబిరం పెడితే కన్నడంతో పాటు తెలుగులోనూ మాట్లాడాలి. బీపీ 140/90 దాటినవారిని ఆరోగ్య కేంద్రానికి పంపడం వరకే విద్యార్థుల పని. మందులు చెప్పడం వాళ్ల పని కాదు.

కాలేజీ చుట్టుపక్కల తీరూ పాఠానికి తగ్గట్టే ఉండాలి. విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం చెబుతోంది. క్యాంటీన్లలో జంక్ ఫుడ్ వద్దని యూజీసీ 2016లో సూచించింది. రోజుకు ఉప్పు 5 గ్రాములు మించకూడదు. హాస్టల్ మెస్సులో పచ్చడి, అప్పడం, సాంబారు కలిస్తే ఆ హద్దు దాటడం చాలా తేలిక. వంటవారికీ ఈ పాఠం చెప్పాలి, ఎందుకంటే పళ్లెంలో ఏం పడాలో నిర్ణయించేది వాళ్లే.