క్యోటో వెళ్తున్నారా? ముందు మందుల సంచీ సర్దుకోండి!

అబ్బాయో, అమ్మాయో జపానులో ఉద్యోగం చేస్తూ "ఒకసారి వచ్చి చూసి వెళ్లండి" అని పిలిస్తే, తల్లిదండ్రులు తప్పక చూడాలనుకునే ఊరు క్యోటో. 794లో రాజధాని అయి, వెయ్యేళ్లకు పైగా చక్రవర్తులు నివసించిన నగరం. ఆ గుళ్లూ, తోటలూ చూడటానికి రెండు కళ్లూ చాలవు. అయితే అక్కడ కళ్లకంటే కాళ్లకే పని ఎక్కువ. బి.పి., చక్కెర వ్యాధి, మోకాళ్ల నొప్పులు ఉన్నవారు నాలుగు జాగ్రత్తలు తీసుకుంటే ప్రయాణం హాయిగా సాగుతుంది.

మందులకూ లెక్క ఉంది

మూడు నెలలు ఉండబోతున్నాం కదా అని మూడు నెలల మాత్రలు పెట్టెలో సర్దేయకండి. డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులు ఒక నెలకు, చీటీ లేకుండా దొరికేవి రెండు నెలలకు సరిపడా మాత్రమే ముందస్తు అనుమతి లేకుండా తీసుకుపోవచ్చు. అంతకు మించితే 'యున్యు కకునిన్ షో' అనే ధ్రువపత్రం బయల్దేరక ముందే తెప్పించుకోవాలి. సూడోఎఫెడ్రిన్ పది శాతం మించిన జలుబు మందులు అక్కడ నిషిద్ధం. మార్ఫిన్ వంటి నొప్పి మందులకు ముందుగా అనుమతి ఉండాలి. యాంఫెటమిన్ మందులు మాత్రం డాక్టరు చీటీ ఉన్నా కుదరవు.

మందు అసలు పేరు, మోతాదు, మీ జబ్బు వివరాలు డాక్టరు చేత ఇంగ్లీషులో రాయించుకోండి. మన కంపెనీలు పెట్టిన పేర్లు అక్కడివారికి తెలియవు. మనం పారాసిటమాల్ అనేదాన్ని వాళ్లు ఎసిటమినోఫెన్ అంటారు. ఇన్సులిన్ ఎప్పుడూ చేతిసంచీలోనే ఉండాలి. సామాన్లలో వేస్తే విమానం అడుగున గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. అక్కడి కరెంటు 100 వోల్టులు. ఆయాసానికి వాడే నెబ్యులైజరు ఆ కరెంటుకు పనిచేస్తుందో లేదో ఇక్కడే చూసుకోండి.

ఇంజక్షన్ ముందా, భోజనం ముందా?

ఇది శాకాహారులు జాగ్రత్తగా చదవాలి. క్యోటోలో కూరగాయల పులుసులా కనిపించేది కూడా చాలాసార్లు ఎండుచేప కాచిన 'దాశి' నీళ్లతో చేసిందే అయివుంటుంది. చక్కెర వ్యాధి ఉన్నవారు ఇన్సులిన్ పొడుచుకుని హోటలుకు వెళ్లి, తీరా పళ్లెం ముందుకొచ్చాక "ఇది మనం తినేది కాదు" అని లేచిపోతే ఏమవుతుంది? చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, మగత వస్తాయి. స్పృహ తప్పవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. కనుక భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకునేవారు, తినగలిగే ఆహారం ఎదురుగా ఉందని రూఢి చేసుకున్నాకే తీసుకోండి. జేబులో గ్లూకోజు బిళ్లలు ఎప్పుడూ ఉండాలి.

మరి తినేదేమిటి? బౌద్ధ ఆలయాల సంప్రదాయ భోజనం 'షోజిన్ ర్యోరి'లో మాంసం, చేప ఉండవు. వేడినీళ్లలో ఉడికించిన సోయా పనీరు 'యుదోఫు' క్యోటోలో ప్రసిద్ధం. దాని పక్కన ఇచ్చే పులుసు సంగతి మాత్రం అడగండి. వీధివీధినా ఉండే చిన్న దుకాణాల్లో ఉడికిన అన్నం, పెరుగు దొరుకుతాయి. పెరుగన్నానికి లోటు లేదు! కుళాయి నీళ్లు నిర్భయంగా తాగవచ్చు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు, మాంసం పచ్చడి మాత్రం తీసుకుపోకండి. తనిఖీ ధ్రువపత్రం లేనిదే రానివ్వరు.

బెజవాడ ఎండ చూసినవాళ్లమే కదా!

మనకు ఎండ కొత్త కాదు, నిజమే. కాని మనం మిట్టమధ్యాహ్నం ఇంట్లో ఉంటాం, అక్కడ అదే వేళకి గుళ్లు తిరుగుతాం! క్యోటోకు మూడువైపులా కొండలు. జూలై, ఆగస్టుల్లో ఉక్క భరించలేం. 1994లో 39.8 డిగ్రీలు నమోదయింది. పొద్దున్నే తిరిగి మధ్యాహ్నం విశ్రాంతి తీసుకోండి. దాహం కాకుండానే నీళ్లు తాగండి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత తాగాలో డాక్టరును అడగండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, వెంటనే అంబులెన్సును పిలవండి.

చలికాలంలో గుళ్లలో చెప్పులు విడిచి చల్లటి చెక్కనేల మీద నడవాలి. మందపాటి మేజోళ్లు వేసుకోండి. చక్కెర వ్యాధితో పాదాలు తిమ్మిరెక్కేవారు, అక్కడ అమ్మే వెచ్చదనపు పొట్లాలు 'కైరో' వాడకండి. కాలినా తెలియదు. రాత్రి పడుకోబోయే ముందు పాదాలు చూసుకోండి. పూల కోసం మార్చి, ఏప్రిల్‌లలో వెళ్లే ఉబ్బసం వారికి సుగి చెట్ల పుప్పొడి బాధ ఉంటుంది. ఇన్‌హేలరు మరవద్దు.

కొండ ఎక్కి తీరాలా?

ఫుషిమి ఇనారి ఆలయం ఉన్న కొండ 233 మీటర్లు. దారంతా మెట్లు. మోకాళ్లు మొరాయిస్తే కింద ఉన్న ఎర్రటి తోరణాలు చూసి తిరిగి వచ్చేయండి. సిగ్గుపడాల్సిన పని లేదు. మెట్లెక్కుతుంటే గుండెల్లో బరువుగా ఉంటే ఆగిపోండి. విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోతే ఆలస్యం చేయకండి.

ఆపద వస్తే 119కి ఫోను చేసి "క్యూక్యూషా" అనండి, అంటే అంబులెన్సు. దానికి డబ్బు తీసుకోరు. ఆసుపత్రి ఖర్చు మాత్రం మీదే. అందుకని ప్రయాణ బీమా తీసుకోండి. అందులో పాత జబ్బులు దాచకండి. దాస్తే అవసరానికి పైసా రాదు.

మందులు, డాక్టరు ఉత్తరం, బీమా కాగితం, గ్లూకోజు బిళ్లలు. ఈ నాలుగూ చేతిసంచీలో పడ్డాక మిగతావి సర్దుకోండి. క్షేమంగా వెళ్లి, లాభంగా రండి!