కార్లకు పాత టర్బో ఛార్జర్లు: ఖర్చు స్వల్పం, ముప్పు అధికం

తక్కువ ఖర్చుతో కారు శక్తిని పెంచుకోవాలన్న ఆశతో కొందరు యజమానులు తుక్కు దుకాణాలలో దొరికే పాత టర్బో ఛార్జర్లను తమ పెట్రోలు కార్లకు అమర్చుకుంటున్నారు. ఇది ప్రమాదకరమే గాక శిక్షార్హం కూడా.

ఇంజను విడిచే పొగ వేగంతో టర్బైను తిరుగుతుంది. అదే ఇరుసుపై ఉన్న కంప్రెసరు సిలిండర్లలోకి అదనపు గాలిని నెట్టుతుంది. ఈ విధానానికి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుకి 1905లో పేటెంటు పొందారు. కార్ల టర్బోలలో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగలదు.

గాలి పెరిగినపుడు అందుకు తగిన పాళ్లలో ఇంధనం పెరగాలి, స్పార్కు సమయం మారాలి, వేడెక్కిన గాలి చల్లబడాలి. ఈ ఏర్పాట్లు లేనిచో ఇంధన మిశ్రమం అదుపు తప్పి మండి పిస్టన్లు దెబ్బతింటాయి. ఆయిల్ గొట్టం లీకైనచో మిక్కిలి వేడెక్కిన టర్బోపై ఆయిల్ పడి మంటలు చెలరేగవచ్చు. బ్రేకులు మాత్రం పాత శక్తికి తగినవే కావడం వలన పాదచారులకూ ముప్పు తప్పదు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నిబంధనను సమర్థించింది. అదే ఏడాది చట్టానికి చేర్చిన 182-ఎ సెక్షను ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు శిక్ష గాని, ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు.

పాత కారు కొనేవారు ఇంజనును రిజిస్ట్రేషను పత్రంతో సరిపోల్చుకొనడం శ్రేయస్కరం.